స్కోప్ కనుబొమకు కొట్టింది, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: అన్నగారూ, మాది ఖమ్మం జిల్లా. చాలా ఏళ్ళుగా పిట్స్‌బర్గ్ దగ్గర ఉంటున్నాం. ఆఫీసులో స్నేహితులు జింకల వేటకి వెళ్తుంటే చూసి సరదా పుట్టింది. గ్రీన్ కార్డు వచ్చాక హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేసి ఈ మధ్యే ఒక బోల్ట్ యాక్షన్ .30-06 రైఫిల్ కొన్నాను. 3-9×40 స్కోప్ (3 నుంచి 9 రెట్లు పెద్దగా చూపించేది, ముందు అద్దం 40 మిల్లీమీటర్లు) బిగించే అమ్మారు. జీరో చేసుకుందామని, అంటే గురిపెట్టిన చోటే తూటా పడేలా స్కోప్ సరిచేసుకుందామని, రేంజ్‌లో బల్ల మీద పెట్టి కాలుస్తుంటే స్కోప్ అంచు వచ్చి కుడి కనుబొమ మీద కొట్టింది. కుట్లు పడ్డాయి. నాకు కళ్ళద్దాలున్నాయి, ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు. ఒక స్నేహితుడు ఇంకా ఖరీదైన స్కోప్ కొనమంటున్నాడు. ఇంకొకాయన పిస్టల్ స్కోప్ పెట్టుకో, కంటికి దూరంగా ఉంటుంది అంటున్నాడు. మా ఆవిడ రైఫిలే అమ్మేయమంటోంది, మళ్ళీ తనే నాకూ నేర్పిస్తే వస్తానంటోంది. ఏ స్కోప్ కొనాలి? ఎలా బిగించాలి?

జవాబు: తమ్ముడూ, ముందు కంటి సంగతి. కుట్లు మానిపోతాయి. కానీ దెబ్బ తగిలాక చూపు మసకగా ఉన్నా, నల్ల చుక్కలు తేలుతున్నట్టు కనిపించినా, మెరుపులు వస్తున్నా రేంజ్ మాట పక్కన పెట్టి కంటి డాక్టర్‌కి చూపించండి. కుట్లు తీసి, వాపు పూర్తిగా తగ్గేదాకా రైఫిల్ భుజానికి ఎత్తొద్దు.

ఇక స్కోప్. ఇప్పుడే కొత్తది కొనకండి. మీకు తగిలిన దెబ్బలో స్కోప్ ధరకి పాత్ర దాదాపు లేదు. రెండు వేల డాలర్ల స్కోప్ అయినా అదే చోట బిగించి ఉంటే అలాగే కొట్టేది, పైగా దాని అంచు ఇంకాస్త బరువుగా ఉండేది. స్కోప్ రైఫిల్ మీద ఎక్కడ కూర్చోవాలన్నది మీ మెడ, మీ భుజం, మీ కోటు, మీ కళ్ళద్దాలు కలిసి తేల్చాల్సిన విషయం. పెట్టెలో బిగించి పంపినవాడికి ఇవేవీ తెలియవు. అందరికీ సరిపోయేలా మధ్యలో ఎక్కడో బిగించి పంపేస్తాడు. చాలామంది ఆ చోటుకి తమ తలని జరుపుకుంటారు. జరగాల్సింది స్కోప్.

ఐ రిలీఫ్ అంటే స్కోప్ వెనక అద్దానికి ఎంత దూరంలో కన్ను పెడితే బొమ్మ అంచు నుంచి అంచుదాకా, చుట్టూ నల్లటి నీడ లేకుండా కనిపిస్తుందో ఆ దూరం. వేట రైఫిల్ స్కోపులకి ఇది ఎక్కువగా మూడున్నర నుంచి నాలుగు అంగుళాలు ఉంటుంది. కన్ను అంతకంటే వెనక ఉన్నా, ముందుకొచ్చినా బొమ్మ చిన్నదై చుట్టూ నలుపు కమ్ముతుంది. ఒక పక్కకి జరిగితే ఆ పక్క నుంచి నెలవంక ఆకారంలో నీడ పడుతుంది. తల కొంచెం ముందుకి వంచి చూడండి. బొమ్మ పెద్దదైతే మీరు వెనక ఉన్నట్టు, ఇంకా చిన్నదైతే మరీ దగ్గరగా ఉన్నట్టు.

పెట్టె మీద రాసిన అంకె మొత్తం మీకు దక్కదు. మొదటిది జూమ్. చాలా వేరియబుల్ స్కోపుల్లో పవర్ పెంచేకొద్దీ ఐ రిలీఫ్ తగ్గుతుంది. ఉదాహరణకి ల్యూపోల్డ్ విఎక్స్-ఫ్రీడమ్ 3-9×40కి 3 పవర్ దగ్గర సుమారు 4.2 అంగుళాలు, 9 దగ్గర సుమారు 3.7. తర్వాత, ఈ కొలత అద్దం నుంచి వేస్తారు. అద్దం చుట్టూ ఉన్న లోహపు అంచు దానికంటే కొద్దిగా వెనక్కి, అంటే మీ మొహం వైపుకి పొడుచుకుని ఉంటుంది. కొట్టేది ఆ అంచే. మీలాంటి కళ్ళద్దాల వాళ్ళకి ఇంకో తగ్గింపు కూడా ఉంది. కళ్ళద్దం కంటికి సుమారు అర అంగుళం ముందు ఉంటుంది కదా, స్కోప్ ముందు దాన్నే తాకుతుంది. ఈ తరుగులన్నీ పోను, మూడున్నర అంగుళాల స్కోప్‌లో మీకు మిగిలేది మూడుకి లోపే.

ఇటువైపు తన్ను సంగతి చూడండి. ఎనిమిది పౌండ్ల .30-06 రైఫిల్లో 180 గ్రెయిన్ల తూటా కాలిస్తే సుమారు 20 ఫుట్-పౌండ్ల రీకాయిల్ వస్తుంది. .243 అనే చిన్న తూటా రైఫిల్లో ఇందులో సగం ఉంటుంది, అంతే. ఇప్పుడు ప్లాస్టిక్ స్టాక్‌తో (భుజానికి, చెంపకి ఆనే వెనక భాగం) వచ్చే తేలిక రైఫిళ్ళు చాలావరకు ఎనిమిది పౌండ్లు కూడా ఉండవు, బరువు తగ్గినకొద్దీ తన్ను పెరుగుతుంది. భుజం కండ కాస్త నొక్కుకుపోతుంది, ఒళ్ళు కాస్త వెనక్కి ఊగుతుంది, ఆ మేరకు స్కోప్ మీ మొహం వైపు వస్తుంది. అందులో భయం లేదు, మూడంగుళాలకి పైగా ఖాళీ ఉంటే సరిపోతుంది. కానీ బట్‌కి (స్టాక్ వెనక చివరకి), భుజానికి మధ్య సందు వదిలారా, రైఫిల్ వెనక్కి వెళ్ళి పరుగెత్తుకొచ్చే పొట్టేలులాగా పొడుస్తుంది. అప్పుడు ఎంత ఐ రిలీఫ్ ఉన్నా చాలదు.

బల్ల మీద ఎందుకు తగిలిందో కూడా చెప్తాను. రేంజ్‌లో బెంచ్ దగ్గర కూర్చున్నప్పుడు ఇసుక సంచులు తక్కువ ఎత్తులో ఉంటే ఒళ్ళు ముందుకి వాలుతుంది, మెడ సాగుతుంది, చెంప స్టాక్ మీద ముందుకి పాకుతుంది. నిలబడి ఎత్తినప్పుడు కంటికి నాలుగంగుళాల దూరంలో ఉన్న స్కోప్ బెంచ్ మీద మూడు, రెండున్నరకి వచ్చేస్తుంది. పైగా జీరో చేయడానికని అందరూ జూమ్‌ని 9కి తిప్పుతారు. అంటే తల బాగా ముందుకొచ్చే భంగిమలో, ఐ రిలీఫ్ తక్కువగా ఉండే పవర్‌లో, వరసగా తూటాలు కాలుస్తున్నారు. నేలమీద పడుకుని కాల్చేటప్పుడూ, కొండ పైకి గురిపెట్టినప్పుడూ ఇదే జరుగుతుంది. పశ్చిమ పెన్సిల్వేనియా అంతా ఎత్తుపల్లాలే కాబట్టి, పైకి గురిపెట్టే అవసరం మీకు తప్పకుండా వస్తుంది.

స్కోప్‌ని ముట్టుకునే ముందు స్టాక్ చూడండి. బట్ చివర నుంచి ట్రిగ్గర్ దాకా ఉన్న కొలతని లెంగ్త్ ఆఫ్ పుల్ అంటారు. షాపులో దొరికే పెద్దవాళ్ళ రైఫిళ్ళకి ఇది ఎక్కువగా 13.5 నుంచి 13.75 అంగుళాలు ఉంటుంది. కాంపాక్ట్, యూత్ మోడళ్ళలో సుమారు 12.5 ఉంటుంది. మీ ఎత్తుకి మామూలు స్టాక్ కొంచెం పొడుగే కావచ్చు. రైఫిల్ ఎత్తి చెంప ఆనించినప్పుడు ట్రిగ్గర్ చేతి బొటనవేలికి, ముక్కుకి మధ్య రెండు వేళ్ళ సందు ఉంటే బాగున్నట్టు. ముక్కు వేలికి తగులుతుంటే స్టాక్ పొట్టి. ట్రిగ్గర్ కోసం చెయ్యి సాగదీస్తూ, బొమ్మ కోసం మెడ సాగదీస్తుంటే పొడుగు. మోచేతి వంపులో బట్ పెట్టి వేలు ట్రిగ్గర్‌కి అందుతుందా అని చూడమని కొందరు చెప్తారు, అది చెయ్యి పొడవు చెప్తుందే గానీ మెడ గురించి ఏమీ చెప్పదు. నేను దాన్ని నమ్మను.

ఇది చూసేటప్పుడు టీషర్ట్‌లో చూడొద్దు. పెన్సిల్వేనియాలో రైఫిల్ జింకల సీజన్ 2019 నుంచీ థాంక్స్‌గివింగ్ తర్వాత శనివారం మొదలవుతోంది. అప్పటికి చలి ఎలా ఉంటుందో మీకు తెలుసు. లోపల థర్మల్, దాని మీద స్వెటర్, ఆపైన మందపాటి కోటు, దాని మీద చట్టం అడిగే ఆరెంజ్ వెస్ట్. ఇవన్నీ కలిస్తే స్టాక్‌కి అర అంగుళం నుంచి అంగుళం దాకా అదనంగా చేర్చినట్టే. ఆగస్టులో చొక్కాతో కొలిచి బిగించిన స్కోప్ డిసెంబర్‌లో కంటికి దూరమైపోతుంది, బొమ్మ చుట్టూ నలుపు వస్తుంది, మనకి తెలియకుండానే తల ముందుకి పాకుతుంది. అక్కడే దెబ్బ. అందుకే వేట కోటు తొడుక్కుని, ఏసీ వేసుకుని అయినా సరే, ఆ కోటుతోనే బిగించండి. స్టాక్ పొడుగైతే కొన్ని రైఫిళ్ళకి బట్ ప్యాడ్ ముందు స్పేసర్లు ఉంటాయి, ఒకటి తీసేస్తే సరి. లేకపోతే గన్‌స్మిత్ కోసి తగ్గిస్తాడు, అదేం పెద్ద పని కాదు.

చెంప ఎత్తు కూడా అంతే ముఖ్యం. చెంప స్టాక్ మీద గట్టిగా ఆనినప్పుడు కన్ను తనంతట తను స్కోప్ మధ్యకి రావాలి. తల పైకెత్తి గడ్డం మాత్రమే ఆనిస్తే తల గాలిలో ఉన్నట్టు, ముందుకీ వెనక్కీ ఎంత ఉందో మీకే తెలియదు. చాలాసార్లు ఇది స్కోప్‌ని పట్టుకునే రింగులు ఎత్తుగా ఉండటంవల్ల వస్తుంది. 40 మిల్లీమీటర్ల ముందు అద్దం ఉన్న స్కోప్‌కి, గంట లాంటి ఆ ముందు భాగం బ్యారెల్‌కి తగలకుండా, బోల్ట్ పిడి పైకి లేచినప్పుడు కంటి వైపు భాగానికి తగలకుండా ఎంత కిందకి వీలైతే అంత కిందకి ఉండే రింగులు వాడండి. తర్వాత కూడా ఎత్తు చాలకపోతే స్టాక్ మీద అతికించే ఫోమ్ ప్యాడో, లేసులతో కట్టే తోలు తొడుగో దొరుకుతుంది. చూడటానికి అందంగా ఉండదు, పని మాత్రం చేస్తుంది.

ఇప్పుడు బేసులు (రింగులు కూర్చోవడానికి రైఫిల్ మీద బిగించే ముక్కలు), రింగులు. .30-06 లాంగ్ యాక్షన్ తూటా కాబట్టి మీ రైఫిల్ రిసీవర్ (బోల్ట్ ఉండే మధ్య భాగం) పొడుగ్గా ఉంటుంది. ముందొకటి, వెనకొకటి విడి బేసులు ఉంటే రింగుల మధ్య దూరం ఎక్కువ అవుతుంది. స్కోప్ గొట్టం మధ్యలో మరలు తిప్పే టరెట్ ఉంటుంది, ముందు పక్క, వెనక పక్క గొట్టం లావెక్కుతుంది. రింగులు పట్టుకోగలిగేది మధ్యలో సన్నగా ఉన్న భాగాన్నే. పొట్టి స్కోప్ అయితే ఆ సన్న భాగం ఎంత తక్కువ ఉంటుందంటే, ముందుకి జరపాలన్నా, వెనక్కి జరపాలన్నా చోటే ఉండదు. మీ స్కోప్ అలా ఇరుక్కుని ఉందేమో ముందు చూడండి. అదే అయితే స్కోప్ మార్చే బదులు ఒకే ముక్కగా ఉండే పికాటినీ రైల్ వేయించండి. దాని మీద సుమారు 10 మిల్లీమీటర్లకొక గాడి ఉంటుంది, రింగుని ముందుకీ వెనక్కీ మార్చుకోవచ్చు. ముందుకి సాగి ఉండే ఎక్స్‌టెండెడ్ రింగులు ఇంకో దారి. రైల్ వల్ల పైనుంచి తూటాలు నింపడం కాస్త ఇబ్బంది అవుతుంది, అంతకుమించి నష్టం లేదు. వీవర్ అనే ఇంకో రకం బేస్ గాడులూ పికాటినీ గాడులూ చూడటానికి ఒకేలా ఉంటాయి గానీ పికాటినీ గాడి వెడల్పు ఎక్కువ. వీవర్ రింగులు సాధారణంగా పికాటినీ మీద కూర్చుంటాయి, పికాటినీ రింగులు వీవర్ బేస్ మీద అన్నిసార్లూ కూర్చోవు. రింగు కొనేముందు స్కోప్ గొట్టం అంగుళమా, 30 మిల్లీమీటర్లా అన్నది కూడా చూసుకోండి.

బిగించే రోజు తూటాలన్నీ వేరే గదిలో పెట్టేయండి. మ్యాగజైన్ తీసి, ఛాంబర్ ఖాళీ అని కంటితో, వేలితో చూసి, బోల్ట్ కూడా బయటికి తీసేయండి. పిల్లలుంటే ఇది ఇంకా ముఖ్యం. మీ ఆవిడని పక్కన కూర్చోబెట్టుకోండి, ఫోన్‌లో వీడియో తీయడానికి ఇంకో మనిషి కావాలి.

ముందుగా కంటి వైపు ఫోకస్. స్కోప్ చివర తిరిగే వలయం ఉంటుంది. వేటకి ఏ కళ్ళద్దాలు పెట్టుకుంటారో అవే పెట్టుకుని, తెల్ల గోడ వైపో ఖాళీ ఆకాశం వైపో చూస్తూ క్రాస్‌హెయిర్ (గురి గీతలు) నల్లగా, పదునుగా కనిపించేదాకా తిప్పండి. సూర్యుడి వైపు పొరపాటున కూడా తిప్పొద్దు. ఒకేసారి ఎక్కువసేపు చూస్తే మసకగా ఉన్నా కన్ను సర్దుకుపోతుంది. రెండు మూడు సెకన్లు చూసి, కళ్ళు పక్కకి తిప్పి, మళ్ళీ చూడాలి. మీవి ప్రోగ్రెసివ్ కళ్ళద్దాలైతే ఒక చిక్కు ఉంది. చెంప ఆనించి తల వంచినప్పుడు మీరు చూసేది అద్దం పై భాగంలో, ముక్కు పక్క మూల నుంచి. సన్న ఫ్రేములకి అక్కడ అద్దమే ఉండదు, ఫ్రేమ్ అంచు అడ్డం వస్తుంది. దూరపు చూపు నంబర్ ఒక్కటే వేయించిన, పెద్ద అద్దాలున్న, పాలీకార్బొనేట్ జత ఒకటి విడిగా చేయించుకోండి. కొత్త స్కోప్ మీద పెట్టబోయే డబ్బు ఇక్కడ పెట్టడం నయం. ఫోకస్ వలయం ఉంది కదా అని కళ్ళద్దాలు తీసేసి కాల్చకండి, మొన్న మీ కంటికి అవి అడ్డంగా ఉండే ఉంటాయి.

తర్వాత రింగుల పైముక్కలు వదులుగా పెట్టి, స్కోప్ చేతితో జరిగేలా ఉంచి, జూమ్‌ని 9కి తిప్పండి. స్కోప్‌ని వీలైనంత ముందుకి, అంటే బ్యారెల్ మూతి వైపుకి నెట్టేయండి. కోటు, వెస్ట్ అన్నీ వేసుకుని కళ్ళు మూసుకోండి. రైఫిల్ భుజానికి ఎత్తి, చెంప హాయిగా ఆనించి, మెడ బిగువు లేదని నిశ్చయం చేసుకున్నాక కళ్ళు తెరవండి. చుట్టూ నలుపు కనిపిస్తుంది, కనిపించాలి కూడా. దించి, స్కోప్‌ని పావు అంగుళం వెనక్కి లాగి మళ్ళీ కళ్ళు మూసుకుని ఎత్తండి. అలా చేస్తూ ఏ చోట మొదటిసారి బొమ్మ నిండుగా కనిపించిందో అక్కడ ఆగిపోండి. ఇంకొంచెం వెనక్కి లాగినా బొమ్మ నిండుగానే ఉంటుంది, హాయిగా కూడా అనిపిస్తుంది. ఆ హాయికి ఆశపడి లాగినవాళ్ళే ఎక్కువగా దెబ్బలు తింటారు. కళ్ళు మూసుకోమనడం ఎందుకంటే, తెరిచి ఉంటే తల బొమ్మని వెతుక్కుంటూ తనే జరుగుతుంది, మీకు తెలియదు.

ఆ చోట గొట్టం మీద చిన్న మాస్కింగ్ టేప్ ముక్క అంటించి గుర్తు పెట్టుకుని, ఇప్పుడు కూర్చుని చూడండి, కార్పెట్ మీద పడుకుని చూడండి, డైనింగ్ టేబుల్ మీద దిళ్ళు పెట్టి బెంచ్‌లాగా చూడండి. ప్రతిసారీ మీ ఆవిడని పక్కనుంచి వీడియో తీయమనండి. వీడియో ఆపి చూస్తే కనుబొమకి, స్కోప్ అంచుకి మధ్య ఎంత ఖాళీ ఉందో కనిపిస్తుంది. పడుకున్నప్పుడు మూడంగుళాలకి తగ్గకూడదు. తగ్గితే స్కోప్‌ని ఇంకాస్త ముందుకి జరపండి. అప్పుడు నిలబడి 9 పవర్‌లో చూస్తే అంచుల్లో కొంచెం నలుపు రావచ్చు. వదిలేయండి. నిలబడి, చేతుల మీద, 9 పవర్‌లో జింకని కాల్చాల్సిన పని ఎవరికీ లేదు. 3 దగ్గర, 4 దగ్గర తలకి బోలెడంత వెసులుబాటు ఉంటుంది, నిలబడి కాల్చేటప్పుడు జూమ్ అక్కడే ఉండాలి.

ఆ వెసులుబాటు ఎక్కడిదో చెప్తాను, స్కోప్ ఎంచుకునేటప్పుడు పనికొస్తుంది. ముందు అద్దం వ్యాసాన్ని పవర్‌తో భాగిస్తే కంటి దగ్గరికొచ్చే వెలుగు చుక్క ఎంత వెడల్పో తెలుస్తుంది. 40ని 9తో భాగిస్తే 4.4 మిల్లీమీటర్లు, 4తో భాగిస్తే 10. పది మిల్లీమీటర్ల చుక్కలో కంటిపాప ఎటు కాస్త జరిగినా బొమ్మ పోదు. నాలుగున్నర లోపు అయితే తల కొంచెం కదిలినా నీడ వచ్చేస్తుంది. 4-16, 6-24 లాంటి పెద్ద పవర్ల స్కోపులు అడవి వేటకి ఎందుకు చిరాకు పెడతాయో ఇందులోనే ఉంది. మీ వైపు దట్టమైన అడవుల్లో అవకాశాలు చాలావరకు వంద గజాల లోపే వస్తాయి.

చోటు ఖాయం అయ్యాక క్రాస్‌హెయిర్ నిలువు గీతని సరిచేయండి. దూరంగా ఒక దారానికి బరువు కట్టి వేలాడదీసి, రైఫిల్ అటూ ఇటూ ఒరగకుండా నిలిపి, ఆ దారానికి సమంగా గీత వచ్చేలా స్కోప్‌ని గుండ్రంగా తిప్పాలి. తిప్పేటప్పుడు ముందుకీ వెనక్కీ జరగకుండా టేప్ గుర్తు చూస్తూ ఉండండి. రైల్‌కి పట్టే రింగు బోల్టులు బిగించే ముందు రింగుల్ని గాడిలో మూతి వైపుకి నెట్టి పట్టుకోండి. రైఫిల్ వెనక్కి తన్నినప్పుడు స్కోప్ ఉన్నచోటే ఉండాలని చూస్తుంది, అంటే ముందుకి జారినట్టు అవుతుంది. ముందే ఆ గోడకి ఆనించి ఉంచితే ఇక జారడానికి చోటుండదు.

మరలు బిగించడానికి టార్క్ రెంచ్ కొనుక్కోండి. రింగుల పైమరలకి చాలా కంపెనీలు 15 నుంచి 18 ఇంచ్-పౌండ్లు చెప్తాయి. మీ రింగులతో వచ్చిన కాగితంలో వేరే అంకె ఉంటే అదే పాటించండి. ఇంచ్-పౌండ్లు, ఫుట్-పౌండ్లు కాదు. కార్ల పనికి వాడే రెంచ్ తెస్తే గొట్టం నొక్కుకుపోతుంది. ఒక మర కాస్త, దాని ఎదురు మూల మర కాస్త, అలా మారుస్తూ, రెండు పక్కలా సందు సమానంగా ఉండేలా బిగించాలి. బేస్ మరలకి నీలం రంగు లాక్‌టైట్ (మరలు వదులవకుండా పట్టే జిగురు) ఒక్క బొట్టు చాలు. రింగుల పైమరలకి వద్దు, అది మరని జారుడుగా చేసి రెంచ్ చూపించే దానికన్నా ఎక్కువ బిగువు వచ్చేలా చేస్తుంది. బిగించాక మళ్ళీ కళ్ళు మూసుకుని ఎత్తి చూడండి, గీత సరిచేసేటప్పుడు చోటు మారిపోవడం మామూలే.

ఇంత చేశాక కూడా పడుకున్నప్పుడు మూడంగుళాలు దొరకకపోతే, అప్పుడు స్కోప్ మార్చండి. .30-06కి, కళ్ళద్దాలకి, గరిష్ఠ పవర్ దగ్గర మూడుంముప్పావు అంగుళాలు ఉన్నవి చూడమంటాను. పైన చెప్పిన ల్యూపోల్డ్ ఇంచుమించు అక్కడే ఉంది. వోర్టెక్స్ క్రాస్‌ఫైర్ 2, 3-9×40కి కంపెనీ చెప్పే ఐ రిలీఫ్ 3.8 అంగుళాలు. రెండూ మామూలు ధరల్లో దొరికేవే. 2-7×33 లాంటి చిన్నది దొరికితే ఇంకా ఇష్టం నాకు, తేలిక, కిందకి కూర్చుంటుంది. 50 మిల్లీమీటర్ల ముందు అద్దం జోలికి పోకండి. రింగులు ఎత్తవుతాయి, చెంప లేచిపోతుంది, ఇంతసేపూ సరిచేసుకున్నదంతా పోతుంది. షాపులో చూసేటప్పుడు వాళ్ళని అడిగి, గరిష్ఠ పవర్‌లో, గది లోపలి దీపాల వైపు కాకుండా, అద్దాల తలుపులోంచి బయట నీడలో ఉన్నదేదైనా చూడండి. తల అటూ ఇటూ కొద్దికొద్దిగా జరిపితే ఏ స్కోప్ ఎంత ఓర్చుకుంటుందో అక్కడే తెలిసిపోతుంది. కాగితం మీద ఒకే అంకె ఉన్న రెండు స్కోపులు ఈ పరీక్షలో వేరువేరుగా ఉంటాయి.

పిస్టల్ స్కోప్ సలహా ఇచ్చినాయనకి నమస్కారం పెట్టి వదిలేయండి. అది చెయ్యి చాచి పట్టుకునే తుపాకీ కోసం చేసింది, దాని ఐ రిలీఫ్ అడుగు, అంతకంటే ఎక్కువ ఉంటుంది. రైఫిల్ మీద దానికి సరైన చోటు ఉండదు. తొమ్మిది పది అంగుళాల ఐ రిలీఫ్‌తో స్కౌట్ స్కోపులని ఉన్నాయి, వాటికి రిసీవర్ ముందు, బ్యారెల్ మీద రైల్ ఉండాలి. కంటికి దెబ్బ తగిలే ప్రశ్నే ఉండదు. కానీ కనిపించే వెడల్పు తగ్గుతుంది, పొద్దున్నో సాయంత్రమో ఎండ వెనక నుంచి పడితే అద్దం మీద మెరుపు తప్ప ఏమీ కనిపించదు. జింకలు తిరిగేది ఆ వేళల్లోనే. స్కోప్ చివర తగిలించే రబ్బరు తొడుగులు కూడా అమ్ముతారు. అవి తగిలే దెబ్బని మెత్తన చేస్తాయేమో గానీ దూరాన్ని పెంచవు, ఇంకాస్త తగ్గిస్తాయి.

మళ్ళీ రేంజ్‌కి వెళ్ళినప్పుడు ఇసుక సంచుల్ని ఎత్తు పెంచి పెట్టండి. రైఫిల్ మీ దగ్గరికి లేవాలి, మీరు దాని మీదకి వాలకూడదు. వెన్ను నిటారుగా ఉండాలి, బట్ భుజం గుంటలో గట్టిగా ఉండాలి. నిజం తూటా వేసే ముందు స్నాప్ క్యాప్ (మందు లేని ఉత్తుత్తి తూటా) పెట్టి ట్రిగ్గర్ నొక్కుతూ మీ కన్ను ఏం చేస్తుందో గమనించండి. దెబ్బ తిన్న మనిషి ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కళ్ళు మూస్తాడు, తల వెనక్కి లాగుతాడు, భుజం ముందుకి నెడతాడు. మానిన గాయం కంటే ఈ ఉలికిపాటు మొండిది. పక్కనున్న వాళ్ళని, మీకు తెలియకుండా ఒకసారి తూటా, ఒకసారి స్నాప్ క్యాప్ పెట్టి ఇమ్మనండి. ఖాళీ దెబ్బకి మూతి ఊగితే తెలిసిపోతుంది. అలా ఉంటే 180 గ్రెయిన్లు పక్కన పెట్టి, తక్కువ రీకాయిల్ అని రాసి అమ్మే తేలిక తూటాలు వాడండి. మీ అడవి దూరాలకి జింక మీద అవి చాలు. తూటా మార్చితే జీరో మళ్ళీ చూసుకోవాలి. ముందు 25 గజాల దగ్గర కాగితం మీద పడేలా చేసుకుని, తర్వాత 100కి వెళ్ళండి. ఒక్క రోజులో ఇరవై తూటాలకి మించి వద్దు.

చెంప ఎక్కడ ఆనాలో స్టాక్ మీద చిన్న గుడ్డ టేప్ ముక్క అంటించుకోవచ్చు, చెంపకి గరుకుగా తగిలితే చీకట్లో కూడా చోటు తెలుస్తుంది. సీజన్ అయ్యాక పీకేయండి.

ఇది చదివే మిగతావాళ్ళకి రెండు మాటలు. అమెరికాలో హెచ్1బి లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ కొనడం, దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉంటే దానికి మినహాయింపు ఉంది. కానీ స్నేహితుల మాట మీద కాకుండా వకీలుని అడిగి, రాతపూర్వకంగా తెలుసుకునే ముందుకి వెళ్ళండి, ఇమ్మిగ్రేషన్ ఫైల్‌లో ఈ తప్పు చెరగదు. ఇక ఆంధ్ర, తెలంగాణల్లో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. ఊళ్ళో ఉన్న బావమరిదికి ఈ సలహా ఫార్వర్డ్ చేయకండి.

మీ ఆవిడ సంగతి. తను ఏ స్టేటస్‌లో ఉన్నారో మీరు రాయలేదు, పై మాట తనకీ వర్తిస్తుందేమో చూసుకోండి. మీ .30-06తో మొదలుపెట్టించొద్దు. మీకు సరిపోయేలా బిగించిన స్కోప్ తనకి సరిపోదు. తన కోసం ముందుకీ వెనక్కీ జరిపితే ఇద్దరి జీరో పోతుంది. ముందు ఒక .22తో చెంప ఆనించడం, ఊపిరి, ట్రిగ్గర్ అలవాటు కానివ్వండి. సీజన్ నాటికి నచ్చితే, 12.5 అంగుళాల స్టాక్ ఉన్న కాంపాక్ట్ .243 ఒకటి సెకండ్ హ్యాండ్‌లో వెతకండి. దానికి స్కోప్ బిగించే రోజు వీడియో తీసే పని మీది.